పసుపు గుడ్డలో పిన్ను

పోలీసు బ్రిగేడియర్ చిన్నదురై స్టేషన్లో ఒక కాగితం పొట్లం విప్పి, అందులో ఉన్నదాన్ని నా ముందు బల్ల మీదికి జార్చాడు. అదొక సూది. గుండుసూదిలో సగం కూడా ఉండదు.

“ఇంక మీరు చేసేదేం ఉండాది, దుబాసీగారూ? ఇంటికి పోయి కాపీ తాగండి” అన్నాడు.

నేను దుబాసీ పని మానేసి చాలా కాలమైంది. ఫ్రెంచి జడ్జీల ముందు తెలుగువాళ్ళ అబద్ధాలనూ తమిళుల అబద్ధాలనూ పొల్లుపోకుండా ఫ్రెంచిలోకి మార్చి మార్చి విసుగెత్తి, ఇప్పుడు ఆ అబద్ధాల వెనక ఏముందో వెతికిపెట్టే పని పెట్టుకున్నాను. ఎన్. పట్టాభిరామన్ అంటే ఊళ్ళో ప్లీడర్లందరికీ తెలుసు. చిన్నదురైకీ తెలుసు. తెలిసే దుబాసీ అని పిలుస్తాడు, నాకు ఒళ్ళు మండాలని. మండుతుంది కూడా.

సంగతి ఇది. ఏంబలంలో పొలాలూ పుదుచ్చేరిలో మేడా ఉన్న దేవరాజన్ గారికి ఒక పిచ్చి ఉంది. లోకంలో మర్యాదస్తులు స్టాంపులు పోగేస్తారు, పాత నాణేలు పోగేస్తారు. ఈయన డెన్మార్క్ అనే చిన్న దేశపు హాకీ జట్టువాళ్ళు కోటుకు పెట్టుకునే పిన్నులు పోగేస్తాడు. వీళ్ళ ముత్తాత తరంగంబాడిలో డేనుల దగ్గర, అంటే ఆ డెన్మార్క్ వాళ్ళ దగ్గర, పనిచేశాడట. డేనులు ఆ ఊరు ఇంగ్లీషువాళ్ళకు అమ్మేసి ఓడెక్కి పోయినా, ఈ ఇంట్లో వాళ్ళ మీద మమకారం మాత్రం పోలేదు. ఆ దేశపు ఓడ ఏదైనా మన ఊరి ముందు లంగరు వేసిందంటే దేవరాజన్ పడవ కట్టించుకుని పోయి అధికారుల కోట్ల వంక చూస్తాడు.

రెండేళ్ళ కిందట ఆంట్వెర్ప్ ఒలింపిక్ ఆటల్లో ఆ జట్టు ఫ్రాన్సును చిత్తుగా ఓడించి రెండో స్థానం కొట్టేసింది. అప్పుడు ఆటగాళ్ళకు మాత్రమే ఇచ్చిన వెండి పిన్ను ఒకటి, ఈ వారం ఒక ఓడ ఇంజనీరు చేతినుంచి దేవరాజన్ చేతికి వచ్చింది. ఫ్రాన్సు ఓడిన ఆట గుర్తును ఫ్రెంచి ఊళ్ళో దాచుకోవడంలో ఆయనకు లోలోపల ఒక సంతోషం ఉందని నా అనుమానం. వింటే నాకూ కలిగిందనుకోండి. అయితే ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. శుక్రవారం మధ్యాహ్నానికి పిన్ను మాయమైంది. దేవరాజన్ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు.

శనివారం పొద్దున చిన్నదురై దేవరాజన్ ఇంటికి పోయి గది చూశాడు. అక్కణ్ణుంచి నేరుగా అళగేశన్ అనే మిల్లు కార్మికుడి ఇంటికి పోయి, నలుగురి ముందూ వాడి రేకు పెట్టె తెరిపించి, బట్టల అడుగునుంచి ఈ సూది తీశాడు. పిన్ను వెనక ఉండాల్సిన సూది. వెండిని విడిగా అమ్ముకోవడానికి అళగేశన్ దాన్ని విరిచేశాడని ఆయన వాదన. రేపు సోమవారం వాణ్ణి జడ్జి ముందు నిలబెడతారు. శిక్ష పడితే జైలు ఒక్కటే కాదు, మిల్లు గేటు కూడా వాడికి జన్మలో తెరుచుకోదు. వాణ్ణి పెంచిన అక్క కనగం పొద్దున్నే నా అరుగు మీద కూర్చుని ఏడవకుండా ఈ సంగతంతా చెప్పింది. ఏడ్చి ఉంటే ఏదో సాకు చెప్పి పంపేసేవాణ్ణేమో. ఏడవలేదు కాబట్టి నేను చొక్కా వేసుకోవలసి వచ్చింది.

కోటు కుడి జేబులోంచి పొడుం డబ్బా తీసి, ఒక పట్టు పట్టి, భూతద్దం కింద సూదిని చూశాను. విరిచిన సూది కొస గరుకుగా ఉండాలి. ఇది రెండు వైపులా నొక్కుకుపోయి, మధ్యలో పలచగా తెగింది. విరిచింది కాదు, కత్తిరించింది. తెగిన చోట తెల్లటి నలుసు ఒకటి అంటుకుని ఉంది.

అదేమిటని అడిగితే, పిన్ను మీది రంగు పెచ్చు అన్నాడు చిన్నదురై. రంగు పిన్నుకు ముందువైపు ఉంటుంది, సూది వెనకవైపు ఉంటుంది. ఆ మాట నేను పైకి అనలేదు. ఆయన సూదిని మళ్ళీ పొట్లం కట్టి తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

అళగేశన్‌తో మాట్లాడనిమ్మని అడిగితే ఆయన మీసం సవరించుకుంటూ కాసేపు ఆలోచించినట్టు నటించి, సరేనన్నాడు. తాను కూడా పక్కనే నిలబడ్డాడు.

ఇక్కడొక మాట చెప్పాలి. పోలీసుల హాకీ జట్టుకు గోల్‌కీపరు చిన్నదురైయే. కిందటి నెల పెద్ద దొరల ముందు జరిగిన ఆటలో మిల్లు జట్టు ఆ పోలీసులను ఓడించింది. గోల్స్ అన్నీ అళగేశన్‌వే. ఒకటి బ్రిగేడియర్ కాళ్ళ మధ్యనుంచి పోయింది. ఊళ్ళో పిల్లలు ఇంకా ఆయన నడిచిపోతుంటే కాళ్ళు దగ్గరపెట్టుకుని నిలబడి నవ్వుతారు.

అళగేశన్ మనిషి పొడుగ్గా, మొండిగా ఉన్నాడు. ముందు నన్ను కూడా నమ్మలేదు. “ఎత్తుకోలేదు” అన్న ఒక్క మాట తప్ప వాడి నోట ఇంకోటి రాదు. మీ అక్క పంపింది అన్నాక కాస్త మెత్తబడ్డాడు. దేవరాజన్ వాణ్ణి అప్పుడప్పుడూ ఇంటికి పిలుస్తాడట, ఊళ్ళో ఆయనతో హాకీ మాట్లాడేవాళ్ళు ఇంకెవరూ లేరు కాబట్టి. శుక్రవారం కొత్త పిన్ను చూపించడానికి పిలిచాడు.

“దానికి సూది ఉన్నిందా?” అని అడిగాను.

“ఉన్నింది సామీ. అయ్య తన చేత్తోనే నా చొక్కాకి గుచ్చి, నువ్వు డెన్మార్క్‌కి ఆడతా ఉండావు అనుకో అన్నారు. ఇదో, బొక్క చూడండి.”

చొక్కా జేబు మీద చిన్న బెజ్జం ఉంది. తర్వాత ఏమైందని అడిగితే, అయ్య దాన్ని తీసి, వచ్చిన పసుపు గుడ్డలోనే చుట్టి బల్ల మీద పెట్టాడన్నాడు. అంతలో మిల్లు కూత వినబడితే షిఫ్టుకు టైమైందని వీడు పరుగెత్తాడు. నోరు తెరవమన్నాను. పళ్ళు తెల్లగా ఉన్నాయి. ఆకూ వక్కా అలవాటు లేదట.

“పళ్ళు చూసి దొంగో కాదో చెప్పేస్తారా?” అన్నాడు చిన్నదురై.

“గుర్రాన్ని కొనేటప్పుడు చూస్తారు కదండీ, అట్లాగే” అన్నాను. ఆయనకు నచ్చలేదు.

దేవరాజన్ ఇంటికి కనగం కూడా వెంట వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, గేటు దగ్గరే నిలబడింది. దేవరాజన్ నన్ను మర్యాదగానే గదిలోకి తీసుకుపోయాడు. మనిషి రెండు రోజుల్లో వాడిపోయాడు. పిన్ను పోయినందుకు కొంత, అళగేశన్ చేశాడని నమ్మవలసి వచ్చినందుకు కొంత.

గది చిన్నది. బల్ల మీద అద్దం మూత పెట్టె. లోపల నీలం మఖమలు మీద ఎనిమిది పిన్నులు వరుసగా ఉన్నాయి. ఎర్ర జెండా మీద తెల్ల శిలువ, కిందో పైనో హాకీ కర్రలు. రెండింటికి బంగారు పూత. తొమ్మిదో పిన్ను కోసం మఖమల్లో గాడి తవ్వి ఉంచాడు, అది ఖాళీ. మూతకు తాళం లేదు.

“బంగారు పూత ఉన్నవాటిని వదిలేసి, వెండి దాన్ని పట్టుకుపోయాడా దొంగ?” అన్నాను.

అది అరుదైనదని అళగేశన్‌కు తెలుసు కదా అన్నాడు దేవరాజన్. అరుదైనదని తెలిసినవాడు సూది విరిచి దాన్ని పాడుచేస్తాడా అన్నాను.

పసుపు గుడ్డ ఏదని అడిగాను. అదీ పోయింది. ఓడల మీద ఇత్తడి తుడవడానికి వాడే మెత్తటి పసుపు ఫ్లానెల్ ముక్క అది. ఇంజనీరు అందులోనే చుట్టి ఇచ్చాడట. దొంగ అయితే పిన్నును గుప్పిట్లో పెట్టుకుని గుడ్డను అక్కడే పారేస్తాడు. గుడ్డతో సహా ఎవరు తీసుకుపోతారు? నేను బల్ల అంచు చుట్టూ చూశాను. సిగరెట్ల బూడిద గిన్నె, ఒక భూతద్దం. బల్ల కొస మీద, వేలితో తాకినట్టు, కుంకుమ మరక.

దేవరాజన్ దాన్ని చూసి చిరాకుపడ్డాడు. కుంకుమ చేతులతో ఈ గదిలోకి రావద్దని అమ్మకు ఎన్నిసార్లు చెప్పినా వినదన్నాడు. ఆమె వచ్చిందా అని అడిగితే, రోజూ వస్తుంది, దీపం తిప్పి పోతుంది అన్నాడు.

“ఆయమ్మ పూజలకీ నాకూ పడదులెండి. నా బిడ్డ పాప్పా కాలికి నేను మద్రాసు డాక్టరు చేత ఇనపకట్టు వేయించినా. ఆమె మొక్కులూ ముడుపులూ అంటుంది. అందుకే మాకు మాటలు తక్కువ.”

పిన్ను ఎలా ఉంటుందో బొమ్మ గీసిమ్మన్నాను. గీశాడు. ఒకే ఒక హాకీ కర్ర. పొడుగ్గా పిడి, కింద ముందుకు సాగి పైకి వంగిన మొన. పిడి మధ్యలో ఎర్ర పట్టీ, దాని మీద తెల్ల శిలువ. ఆ కాగితం పట్టుకుని బయటికి నడుస్తున్నప్పుడు, నడవాలో ఏడేళ్ళ పిల్ల ఒకతి గోడ పట్టుకుని నడుస్తూ ఎదురైంది. పాప్పా. ఎడమకాలికి ఇనపకట్టు. మణికట్టుకు కొత్తగా కట్టిన పసుపుతాడు.

నేను ఆగిపోయాను. కాగితం చూశాను, పిల్ల కాలు చూశాను, మళ్ళీ కాగితం చూశాను.

నడవా చివర చాప మీద దేవరాజన్ తల్లి సెంగమలం కూర్చుని ఉంది. ముందు ఆకుల పళ్ళెం, సున్నం డబ్బీ, చేతిలో అడకత్తెర. టక్కుమని వక్క తెగింది. అడకత్తెర అంచుకు ఎండిన సున్నం అంటుకుని ఉంది. సూది కొసన చూసిన తెల్ల నలుసు గుర్తొచ్చింది. నేనామె ముందు గొంతుక్కూర్చున్నాను. పిన్ను అనలేదు, పోయింది అనలేదు. కాగితం ముందు పెట్టాను.

“పెద్దమ్మా, ఇది ఏంది?”

“కాలు” అంది సెంగమలం, ఆలోచించకుండా. “నీకు తెలీలేదా నాయనా? మోకాలు కింద కట్టు కూడా ఉండాదే.”

అంటూనే ఆమె చప్పున పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మన అమ్మవారి గుళ్ళ సంగతి తెలిసినవాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు. కళ్ళనొప్పికి వెండి కళ్ళు, చేయి పడిపోతే వెండి చేయి, కాలికి కాలు. రేకులో కొట్టించి, పసుపు గుడ్డలో కట్టి, హుండీలో వేస్తారు. వేసినవాళ్ళు మొక్కు తీరేదాకా దాని గురించి నోరు విప్పరు. విప్పితే ఫలం పోతుందని నమ్మకం. ఈమెకు దొరల పతకం ఏదో పోయిందని చెప్పి ఉంటారు. పతకం సంగతి ఆమెకేం తెలుసు? ఆమె బల్ల మీద చూసింది పసుపు గుడ్డలో వెండి కాలిని.

అప్పుడే వీధి గుమ్మంలో బూట్ల చప్పుడైంది. చిన్నదురై నా వెనకాలే వచ్చాడు. జరిగింది విని పెద్దగా నవ్వాడు.

“చూపు ఆనని ముసలామె కర్రని కాలు అన్నిందని కేసు కొట్టేస్తారా? జడ్జి ముందు ఇది చెప్పండి, దుబాసీగారూ. ఫ్రెంచిలో చెప్పండి. నేను కూడా వొచ్చి కూర్చుంటా.”

“చెప్తాను. గోల్‌కీపరుగారికి ముందు వరసలో కుర్చీ వేయిస్తాను” అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. నేను ముద్దాయి తరపున సాక్షులకు పాఠం చెప్తున్నాననీ, దుబాసీ బుద్ధి ఎక్కడికి పోతుందనీ, కావాలంటే నన్ను కూడా లోపల వేయగలననీ అన్నాడు. వేయమన్నాను. నాకూ కోపం వచ్చింది. మధ్యలో దేవరాజన్ చేతులు నలుపుకుంటూ తల్లి పక్కన కూర్చుని, అమ్మా చెప్పు, అమ్మా చెప్పు అంటున్నాడు. ఆమె కొంగు తీయదు. కళ్ళు మాత్రం పాప్పా మీద ఉన్నాయి.

ఆమెను బలవంతపెట్టడం నాకు చేతకాలేదు. చెప్తే మనవరాలు ఎప్పటికీ నడవదని నమ్మిన మనిషిని ఏ మాటతో ఒప్పిస్తాం? గేటు దగ్గర నిలబడ్డ కనగాన్ని పిలిచాను. ఆమె వచ్చి మెట్టు కింద నిలబడింది.

సెంగమలం ఆమెను చాలాసేపు చూసి, కొంగు కొంచెం తొలగించింది. “ఆ పిల్లోడు నీ కొడుకా?”

“తమ్ముడమ్మా. మాయమ్మ పోయేటప్పటికి వాడికి నడక కూడా రాలేదు. నేనే పెంచినా.”

ముసలామె అడకత్తెర కింద పెట్టింది. గోడ పట్టుకుని నిలబడ్డ పాప్పాను దగ్గరికి లాక్కుని, కాలి ఇనపకట్టు మీద చేయి వేసింది.

“నా మనవరాలి కాలు కోసరం ఈయమ్మ తమ్ముడి కాలికి సంకెల వెయ్యమని ఆ తల్లి అడగదులే. నేనే వేసినా. వైతికుప్పం అమ్మ హుండీలో వేసినా. పదండి.”

నాకు కళ్ళు చెమర్చాయి. చిన్నదురై చూడకుండా పొడుం పీల్చి తుమ్మాను.

వైతికుప్పం గుడి హుండీ తాళం చేపలవాళ్ళ పెద్ద వీరాసామి మొలతాడుకు ఉంటుంది. ఆయన ససేమిరా అన్నాడు. అమ్మకు వేసింది అమ్మదేననీ, ఆడి మాసంలో, అంటే ఆషాఢంలో, వచ్చే జాతరకు తప్ప తెరిచేది లేదనీ అన్నాడు. తన సర్కారు బూట్లు చూపించి భయపెట్టాలని చిన్నదురై ప్రయత్నించాడు కానీ, వీరాసామి ఆ బూట్ల వంక చూసిన చూపుకు ఆయనే ఒక అడుగు వెనక్కి వేశాడు. చివరకు కనగం తమ్ముడి సంగతి విని, తెరిచి చూపిస్తాననీ, తీసి మాత్రం ఇవ్వననీ ఒప్పుకున్నాడు. మాకంతకన్నా అక్కర్లేదు.

గుళ్ళోకి చొక్కాలతో పోకూడదు. నేను కోటూ చొక్కా విప్పి బయట అరుగు మీద పెట్టాను. దేవరాజన్ కూడా విప్పాడు. చిన్నదురై బూట్లు విప్పనన్నాడు. అరుగు మీదే కూర్చున్నాడు.

వీరాసామి హుండీని చాప మీద బోర్లించాడు. చిల్లర నాణేలతో పాటు వెండి కళ్ళు, చేతులు, ఒక ఊయల, చిన్న చిన్న పడవలు గలగలమని పడ్డాయి. వాటిలో ముడి వేసిన పసుపు ఫ్లానెల్ ముక్క ఒకటి. ముడి సెంగమలం చేతనే విప్పించాం. లోపల హాకీ కర్ర తళతళలాడుతోంది, ఎర్ర పట్టీ, తెల్ల శిలువతో సహా. వెనక సూది లేదు. సూది అతికిన చోట కత్తిరించిన మొండి మాత్రం ఉంది.

కనగం అక్కడే కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. పొద్దుటినుంచి ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది.

దేవరాజన్ పిన్ను వైపు చేయి చాపి, వీరాసామిని చూసి ఆగాడు. అప్పుడు తల్లి కొడుకుతో మెల్లిగా అంది:

“నువ్వే తెచ్చినావనుకున్నా నాయనా. నీకు ఇవన్నీ నమ్మకం లేదు గదా. నోటితో చెప్పను సిగ్గుపడి, నా కంట పడేటట్టు బల్ల మీద పెట్టినావు అనుకున్నా.”

ఈ పిన్ను కోసం దేవరాజన్ ఎన్ని ఓడలెక్కాడో ఊరందరికీ తెలుసు. ఆయన దాన్ని మళ్ళీ పసుపు గుడ్డలో చుట్టి, ముడి వేసి, వీరాసామి నిలబెట్టిన హుండీలో తన చేత్తో వేశాడు.

“నేనే తెచ్చినాను అమ్మా. పాప్పాకే” అన్నాడు.

సెంగమలం కొడుకు తల మీద చేయి పెట్టింది. పిన్నులు పోగేసేవాళ్ళ మీద నాకున్న చులకన ఆ నిమిషంలో సగం పోయింది.

అంతలో గుమ్మం బయటినుంచి చిన్నదురై గొంతు వినబడింది. పిన్ను ముసలామె వేసిందనే ఒప్పుకుందాం, మరి సూది అళగేశన్ పెట్టెలోకి ఎట్లా నడిచిపోయింది అని అడుగుతున్నాడు. వాడు ముందే విరిచి ఉంటాడు, మిగిలింది తర్వాత తీసుకుపోదామనుకుని ఉంటాడు అన్నాడు. ఆయన నోటితో ఆయనే గోతి తవ్వుకుంటున్నాడు. నేను మధ్యలో అడ్డు పడలేదు.

సెంగమలమే జవాబు చెప్పింది. “అమ్మకి ఇచ్చే కాలికి సూది ఏందికి? గుచ్చుకోదా? నేనే అడకత్తెరతో కత్తిరించినా. బిడ్డ తొక్కుతుందని నా కొడుకు బూడిద గిన్నెలో వేసినా.”

దేవరాజన్ నెమ్మదిగా గుమ్మం వైపు తిరిగాడు.

“శనివారం పొద్దున మీరు గది చూడాలన్నారు. నన్ను కూడా బయట ఉండమని తలుపు వేసుకున్నారు. మీరు తప్ప బయటివాళ్ళెవురూ ఆ గదిలోకి పోలేదు” అన్నాడు.

చిన్నదురై ముఖం చూడాలని నేను తల తిప్పాను. ఆయన టోపీ సరిచేసుకుంటున్నాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే సాయంత్రానికి మనిషిని వదిలేస్తామని, అదేదో మేలు చేస్తున్నట్టు అన్నాడు. దేవరాజన్ తీసుకుంటున్నానన్నాడు. వీరాసామి మాకందరికీ కుంకుమ పెట్టి, వేపాకు చేతిలో పెట్టేదాకా మేం లోపలే ఉన్నాం. బయటికొచ్చేసరికి అరుగు మీద మా బట్టలు తప్ప ఎవరూ లేరు.

దీపాలు పెట్టే వేళకు అళగేశన్ ఇంట్లో ఉన్నాడు. కనగం నెత్తళ్ళ చేపల పులుసు పెట్టింది. నన్ను తినకుండా పోనివ్వనంది. నేను పోతానని కూడా అనలేదు. కాసేపటికి దేవరాజన్ తానే వెతుక్కుంటూ వచ్చి, వాకిట్లో నిలబడి, అళగేశన్ చేతులు పట్టుకున్నాడు. చివరికి అళగేశన్, ఆ పిన్ను లేకపోయినా మిగతావి చూడడానికి వస్తానన్నాడు. ఇద్దరూ నవ్వారు. నాకు ఆ నవ్వు విని కడుపు నిండిపోయింది. పులుసు సంగతి వేరే.

చేయి కడుక్కుని, కోటు తగిలించుకుని, పొడుం కోసం కుడి జేబులో వేళ్ళు పెట్టాను. చురుక్కుమంది.

వేలి కొసన రక్తపు బొట్టు. జేబులో పొడుం డబ్బా పక్కన, రెండు వైపులా నొక్కుకుపోయి తెగిన సూది.

ఎప్పుడు వచ్చిందో ఆలోచించనక్కర్లేకపోయింది. గుడి అరుగు మీద నా కోటుతో ఒంటరిగా కూర్చున్న మనిషి ఒక్కడే. ఎందుకు వచ్చిందో కూడా ఆలోచించే వ్యవధి లేకపోయింది. సందు మలుపులో బూట్ల చప్పుడు, ఒక జత కాదు, నాలుగైదు జతలు, ఈ ఇంటివైపే వస్తున్నాయి. పోలీసు సాక్ష్యాన్ని దొంగిలించిన దుబాసీ, వాడికి అన్నం పెట్టిన ముద్దాయి. ఇద్దర్నీ ఒకే వలలో లాగేయొచ్చు. కనగం నా ముఖం చూసి పాలిపోయింది. అళగేశన్ లేచి నిలబడ్డాడు.

వాణ్ణి కూర్చోమన్నాను. దేవరాజన్ అరచేయి తెరిచి, అందరూ చూస్తుండగా సూదిని అందులో పెట్టాను.

“మీ పిన్నుది. మీ వస్తువు మీకు చేరింది” అన్నాను.

ఆయన ఒక్క క్షణం అర్థం కాక చూశాడు. తర్వాత అర్థమైంది. మెల్లిగా గుప్పిట మూశాడు.

చిన్నదురై వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. వెనక పోలీసులు. స్టేషన్లో ముఖ్యమైన సాక్ష్యం ఒకటి కనబడడం లేదనీ, దాన్ని చివరగా చేతిలోకి తీసుకుని చూసింది నేనేననీ, సోదా చేయాలనీ అన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ ఆయన నా ముఖం చూడలేదు. నా కోటు కుడి జేబు మీదే చూపు నిలిపాడు. ఎక్కడ వెతకాలో సోదాకు ముందే తెలిసిన కళ్ళు అవి. దేవరాజన్ కూడా ఆ చూపు చూశాడు.

“సూది కోసమా బ్రిగేడియర్‌గారూ?” అన్నాడు, మూసిన గుప్పిట పైకెత్తి. “అది నాదే కదా, నా దగ్గరే ఉండాది. మా ఇంట్లో తొమ్మిదో గాడి ఖాళీగా ఉండాది, అందులో పెట్టుకుంటా. మీకు కావాలంటే రేపు జడ్జిగారి ముందుకి నేనే పెట్టెతో సహా తెస్తాను. బూడిద గిన్నెలోంచి అది ఎవురి చేతిలోకి పోయిందో అక్కడ చెప్తా. మీరూ రండి.”